పళ్లికరణై పక్షులకు ఏ లెన్స్ కొనాలి?

ఉండేది చెన్నై వేళచ్చేరిలో. ఆదివారం తెల్లవారేసరికి పళ్లికరణై చిత్తడి నేల దగ్గర ఉంటాను. నా కెనాన్ క్రాప్ బాడీకి (చిన్న సెన్సార్ ఉన్న కెమెరా) 55-250 మి.మీ. లెన్స్. ఫ్లెమింగోలు గులాబీ చుక్కల్లా వస్తున్నాయి, చాలా బాధగా ఉంది. 100-400 కొనాలా, 150-600 కొనాలా? రెండూ కొనే స్తోమత లేదు.

జవాబు 1: 150-600 తీసుకోండి. అక్కడ నీళ్లలోకి దిగి దగ్గరికి వెళ్లలేం కదా. అందులో సిగ్మా కంపెనీ కాంటెంపరరీ మోడల్ దాదాపు రెండు కిలోలు, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) లేకపోతే గంటకే చేతులు లాగేస్తాయి. 600 దగ్గర అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) f/6.3 వరకే తెరుచుకుంటుంది, వెలుతురు తక్కువ కాబట్టి తెల్లవారుజామున ఐఎస్ఓ (కెమెరా వెలుతురు సున్నితత్వం) పెంచక తప్పదు. ఎగిరే పక్షికి నేనైతే షటర్ వేగం 1/2000 సెకను కంటే తగ్గించను.

జవాబు 2: అన్నా, మీ క్రాప్ బాడీ మీద 400 అంటే పెద్ద సెన్సార్ (ఫుల్ ఫ్రేమ్) కెమెరా మీద 640 లెక్క. ముందు అద్దెకు తెచ్చి చూడండి. ఎండెక్కాక నీటి మీద వేడిగాలికి ఏ లెన్సుతోనూ షార్ప్‌గా రాదు.

థాంక్స్ అండీ. ఈ ఆదివారానికి 150-600 అద్దెకు తెస్తున్నా, మోనోపాడ్‌తో సహా.