గల్ఫ్ యుద్ధంలో సరఫరాలు నడిపిన జనరల్ పగోనిస్ గురించి: తెలిసినవారు సహాయం చేయగలరా?

అమెరికా సైన్యం నుంచి 1993లో లెఫ్టినెంట్ జనరల్‌గా రిటైరైన విలియం గస్ పగోనిస్ మీద వ్యాసం సిద్ధం చేస్తున్నాను. 1990 ఆగస్టులో సౌదీ అరేబియాలో దిగి, తర్వాత అక్కడి అమెరికా బలగాలకు సరఫరాలు చూసిన 22వ సపోర్ట్ కమాండ్‌ను నడిపిన అధికారి ఆయన. రిటైరయ్యాక సియర్స్ అనే అమెరికా దుకాణాల సంస్థలో చేరారు. ఆ భాగం రెండు వాక్యాల్లో చెప్పేయవచ్చు.

అసలు సంగతి 1991 జనవరి, ఫిబ్రవరి నెలలది. మామూలుగా సైన్యం వెనకే సరఫరాలు వెళ్తాయి. ఇక్కడ నేలమీది దాడికి ముందే ఇంధనం, మందుగుండు, ఆహారం, నీళ్లు ఎడారిలో పడమటి స్థావరాలకు చేర్చారు. వైమానిక దాడులు మొదలయ్యేదాకా ఆ పని పెద్ద ఎత్తున చేపట్టలేదు, ఇరాక్ పసిగడుతుందని. రెండు కోర్ల (కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సైనిక విభాగం) బలగాలు పడమటికి కదలడానికి, ఉత్తర సౌదీలో చమురు పైపులైను వెంట సాగే ట్యాప్‌లైన్ రోడ్డే ముఖ్య ఆధారం.

తప్పు జరిగిన చోటునూ అంతే వివరంగా రాయాలి. దాదాపు 40,000 కంటైనర్లలో సగానికి పైగా, లోపల ఏముందో తెలియక విప్పి చూడాల్సి వచ్చింది. అడిగిన సరుకు జాడ తెలియక యూనిట్లు మళ్లీ ఆర్డర్ పెట్టాయి, రేవులో గుట్టలు పెరిగాయి.

సైన్యంలో సరఫరా విభాగంలో పనిచేసినవారిని అడుగుతున్నాను: ఒకే రోడ్డు మీద ట్యాంకులు మోసే ట్రైలర్లకు, ఇంధన ట్యాంకర్లకు వేళలు ఎలా కేటాయిస్తారు? స్థావరంలో మందుగుండుకూ ఇంధనానికీ మధ్య ఎడం ఏ లెక్కన పెడతారు? పగోనిస్ తన సిబ్బందితో వాడించిన మూడు అంగుళాల వెడల్పు, అయిదు అంగుళాల పొడవు ఉన్న కార్డుల మీద ఒక సమస్యను ఎలా రాసేవారో చూసినవారు ఉంటే, ఒక్క నమూనా చెప్పండి.