హైదరాబాద్ రాత్రి బస్సులు: ఆర్టీసీ వదిలేసిందా, ట్రావెల్స్ లాగేసుకుందా?

కోనసీమ కుర్రాడు:
సంక్రాంతికి అమలాపురం టికెట్ చూశాను. ఆర్టీసీలో అన్నీ నిండిపోయాయి, ట్రావెల్స్ వాడేమో మామూలు రేటుకి మూడింతలు చెప్తున్నాడు. ఇంత రద్దీ ఉన్న రూట్లో ఆర్టీసీ బస్సులు ఎందుకు తగ్గాయి?

మియాపూర్ బాబాయ్:
జనం ఎక్కకపోతే తగ్గవా తమ్ముడూ? ట్రావెల్స్ బస్సు మా వీధి చివరే ఎక్కించుకుంటుంది, పడుకోడానికి బెర్తు, కప్పుకోడానికి దుప్పటి. ఆర్టీసీ అయితే సామాన్లతో ఎంజీబీఎస్ బస్టాండు దాకా పోవాలి, తీరా ఎక్కాక పుష్‌బ్యాక్ సీటు వాలదు, వాలితే మళ్లీ లేవదు. మోకాళ్ల నొప్పులున్న మా ఆవిడని రాత్రంతా అందులో కూర్చోబెట్టమంటావా?

డిపో పెద్దమనిషి:
సీటు సంగతి ఒప్పుకుంటా. కానీ జనం ఎక్కక తగ్గాయంటే మాత్రం కాదు, కాగితం మీద సంతకం పెట్టి మరీ తగ్గించారు. కరోనాకి ముందు ఏపీఎస్‌ఆర్టీసీ తెలంగాణలో రోజూ 1,009 బస్సులు, 2.65 లక్షల కిలోమీటర్లు నడిపేది. లాక్‌డౌన్ అయ్యాక తెలంగాణ వాళ్లు ఒకరి రాష్ట్రంలో ఇంకొకరు నడిపే కిలోమీటర్లు సమానంగా ఉండాలన్నారు, న్యాయమే. 2020 నవంబర్ 2న ఒప్పందం కుదిరేసరికి ఏపీవి 638 బస్సులు, 1,60,999 కిలోమీటర్లకి దిగాయి. ఏపీలో నడిచే తెలంగాణ బస్సులు 746 నుంచి 826కి పెరిగాయి. కలిపి చూడండి, 291 బస్సులు రోడ్డు మీద నుంచి పోయాయి. తెలంగాణ వాళ్లే ఇంకా పెంచి సమానం చేయొచ్చు కదా, ఏపీ వాళ్లు కోసుకుని సమానం చేశారు. పైగా ఆ బేరాలు సాగిన నెలల్లో రెండు ఆర్టీసీల బస్సులూ సరిహద్దు దాటలేదు, అలవాటు తప్పిన ప్రయాణికుడు మళ్లీ వస్తాడా?

కర్నూలు అమ్మాయి:
బాబాయ్ గారూ, వీధి చివర ఎక్కించుకోవడం అన్నారే, అసలు అదే రూల్‌కి విరుద్ధం. వాళ్లది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, ఒక గుంపుని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తీసుకెళ్లాలి అంతే, స్టాపు స్టాపుకీ టికెట్ ప్రయాణికుల్ని ఎక్కించుకోవడం ఆర్టీసీ పని. నంబర్ ప్లేట్లేమో నాగాలాండ్‌వీ, అరుణాచల్‌వీ, అక్కడ పన్ను తక్కువని. ఇక 2025 అక్టోబర్ 24న మా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్లే స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ బెర్తు మాటెత్తట్లేదు.

మియాపూర్ బాబాయ్:
రూల్ తప్పితే పట్టుకోమనండి తల్లీ, నేనేం అడ్డుపడను. పర్మిట్ చూసి టికెట్ కొనేవాడు ఎవడూ ఉండడు గానీ.

డిపో పెద్దమనిషి:
అందుకే ముందు ఆ కిలోమీటర్ల లెక్క తిరగరాయమంటున్నా. స్లీపర్లు తర్వాత కొనొచ్చు.