మా ఊరి ఉపకేంద్రానికి టెలిమెడిసిన్ కిట్టు కొనాలా, బండి పెట్టాలా?

ఉప్పల్ వాసి
మాది నల్లగొండ జిల్లాలో చిన్న ఊరు. హైదరాబాద్‌లో స్థిరపడ్డ మా ఊరివాళ్లం నలభై కుటుంబాల దాకా ఉన్నాం. దసరాకు కలిసినప్పుడు ఊళ్లో వైద్యం కోసమని చందాలు వేసుకుంటే నాలుగు లక్షలు పోగయ్యాయి. ఆ రోజు నుంచే రెండు వర్గాలయ్యాం. ఆరోగ్య ఉపకేంద్రానికి టెలిమెడిసిన్ కిట్టు కొనిద్దామని కొందరు: ఈసీజీ యంత్రం, కంప్యూటర్, కెమెరా, ఇంటర్నెట్. వారానికి రెండుసార్లు మండల కేంద్రంలోని ఆసుపత్రికి తీసుకువెళ్లి తెచ్చే బండి పెడదామని మిగిలినవాళ్లు. దూరం పద్నాలుగు కిలోమీటర్లు, బస్సు రోజుకు రెండుసార్లే. మా అమ్మకు డెబ్బై ఒకటి, బీపీ, సుగరు రెండూ ఉన్నాయి, ఒక్కతే ఉంటుంది. ఆదివారానికి తేల్చాలి. తెలిసినవాళ్లు చెప్పండి.

మాదాపూర్ మనిషి
కిట్టే కొనండి. దూరవైద్యం నిన్న మొన్న పుట్టింది కాదు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో కేంద్రం అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా మొదలైంది. 104కు ఫోను చేస్తే ఆరోగ్య సలహా చెప్పే సేవ 2007లో మన హైదరాబాద్ నుంచే నడిచింది. 2019 నవంబరులో ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని వచ్చింది, 2023 ఫిబ్రవరి నాటికి దాంట్లో పది కోట్ల సంప్రదింపులు దాటాయి. డాక్టరు ప్రతి ఊరికీ వచ్చి కూర్చోడని మనందరికీ తెలుసు. బండి పెడితే డీజిలుకు, డ్రైవరుకు ఏడాది తిరక్కుండా డబ్బయిపోతుంది.

నేనెందుకింత పట్టుబడుతున్నానో కూడా చెబుతాను. మా నాన్నకు రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఊళ్లో సూది వేసే ఆయన గ్యాస్ అని చెప్పి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోమన్నాడు. తెల్లారి ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఊళ్లో ఒక్క ఈసీజీ యంత్రం ఉండి, ఆ కాగితం ఫొటో ఏ డాక్టరుకైనా చేరి ఉంటే చాలు. ఇంకేమీ అక్కర్లేదు నాకు.

బోరబండ బాబాయి
ముందు ఊళ్లో కరెంటు ఎన్ని గంటలు ఉంటుందో కనుక్కోండి.

ఏఎన్ఎం కూతురు
మాదాపూర్ మనిషి గారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు పాడైంది. అయినా అడుగుతున్నాను, రాత్రి పదకొండింటికి ఆ ఈసీజీ తీసేది ఎవరు? ఉపకేంద్రానికి తాళం ఉంటుంది. ఉపకేంద్రం మైదాన ప్రాంతంలో అయిదు వేల మందికి ఒకటి, గిరిజన ప్రాంతంలో మూడు వేల మందికి ఒకటి. లెక్కకు అంతే, చూసేది మాత్రం ఒకరో ఇద్దరో ఆడవాళ్లు.

మా అమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఉపకేంద్రం నర్సుగా చేసింది. నా చిన్నప్పుడు ఇంట్లో రిజిస్టర్లు ఉండేవి. గర్భిణులకు ఒకటి, టీకాలకు ఒకటి, కుటుంబ నియంత్రణకు ఒకటి. తరవాత టాబ్ ఇచ్చారు. రిజిస్టర్లు పోలేదు, టాబ్ వచ్చి చేరింది అంతే. పగలంతా ఇళ్లు తిరిగి, రాత్రి అన్నం తిన్నాక మంచినీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని ఎంట్రీలు చేసేది, సిగ్నల్ అక్కడే అందేది కాబట్టి. టాబ్ కొత్తది. బీపీ చూసే పట్టీ మాత్రం చిరిగితే అమ్మ ప్లాస్టరు అతికించుకుని వాడింది. రెండేళ్లు ఇండెంటు పెట్టినా కొత్త పట్టీ రాలేదు. నాలుగు లక్షలు మీ చేతిలో ఉంటే, మొదట నాలుగు మంచి బీపీ పట్టీలు కొని ఆమె చేతికివ్వండి.

తెల్లకోటు
నేను ఏడాదిన్నర ఈ-సంజీవని హబ్‌లో, అంటే డాక్టర్లు ఉండే వైపు కూర్చున్నాను. రెండు వైపులా నిజం ఉంది, కానీ ఎక్కడెక్కడ అన్నది ముఖ్యం. పాత బీపీ, సుగరు వాళ్లకు మాత్రల మోతాదు సరిచూడటం, చర్మం మీద మచ్చలు, రిపోర్టులు చదివి చెప్పడం, ఇవి తెర మీద బాగానే అవుతాయి. కడుపులో నొప్పి కాదు. చేత్తో నొక్కి చూడాలి.

ఒక సంగతి మరిచిపోలేను. ఏడో నెల గర్భిణి, తలనొప్పి అంది. వీడియో ఆగి ఆగి వస్తోంది. అటువైపున్న ఏఎన్ఎం నేనడగక ముందే ఆ అమ్మాయి కాలి ఎముక మీద బొటనవేలు గట్టిగా నొక్కి, తీసేసి, కెమెరా దగ్గరికి పెట్టింది. గుంట అలాగే నిలిచిపోయింది, కాలికి నీరు పట్టిందన్నమాట. మళ్లీ బీపీ చూడమన్నాను, 160/110. అరగంటలో 108 ఎక్కించారు. ఆ రోజు ప్రమాదాన్ని కనిపెట్టింది ఆమె బొటనవేలు. నేను వెంటనే పంపించమని మాత్రమే చెప్పాను.

ఒక చట్టపరమైన విషయం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆర్‌ఎంపీ మాత్రమే ఇలా వైద్యం చెప్పాలి. ఏ మందు ఎప్పుడు రాయవచ్చో జాబితాలున్నాయి. మత్తు మందులు అసలు రాయకూడదు.

పాత సైకిల్
ఆర్‌ఎంపీ మాత్రమే చెప్పాలా? కేంద్ర ప్రభుత్వం ఆర్‌ఎంపీలకు వీడియోలో వైద్యం చేసే హక్కు ఇచ్చిందా! ఇదెక్కడి న్యాయం? మా తమ్ముడి మోకాలి నొప్పికి మా ఊరి ఆర్‌ఎంపీ రెండేళ్లు స్టెరాయిడ్ సూదులు వేశాడు. సూది పడగానే లేచి పొలానికి వెళ్లేవాడు. చివరికి ముఖం ఉబ్బి, సుగరు వచ్చి, ఎముకలు గుల్లయి మంచం పట్టాడు. ఇలాంటి వాళ్ల చేతికి కంప్యూటర్ కూడానా?

తెల్లకోటు
పెద్దాయనా, అపార్థం జరిగింది. మార్గదర్శకాల్లో ఆర్‌ఎంపీ అంటే మెడికల్ కౌన్సిల్లో పేరు నమోదైన వైద్యుడు, కనీసం ఎంబీబీఎస్ చదివినవాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ అని పిలిచేది చదువు లేకుండా వైద్యం చేసేవారిని. అక్షరాలు ఒకటే, మనుషులు వేరు.

పాత సైకిల్
మీకు వేరు, మా ఊరికి వేరు కాదు డాక్టరుగారూ. బోర్డు మీద ఆ మూడక్షరాలే ఉంటాయి. రేపు కిట్టు పెట్టి "ఆర్‌ఎంపీ చూస్తారు" అని దండోరా వేస్తే జనం ఎవరి దగ్గరికి వెళతారు? ఆ పేరు మార్చేదాకా నేను ఈ కిట్టుకు ఒప్పుకోను.

తంగేడుపువ్వు
పెద్దాయనా, మీ తమ్ముడికి జరిగింది ఘోరం. కానీ రాత్రి రెండింటికి తలుపు కొడితే లేచి వచ్చేది ఆయనొక్కడే. మా పిల్లాడికి ఫిట్స్ వచ్చినప్పుడు బండి మీద కూర్చోబెట్టుకుని పట్నం తీసుకువెళ్లింది ఆయనే. దానికీ మార్గదర్శకం ఏమైనా ఉందా?

మాదాపూర్ మనిషి
పేరు మీద ఎంతసేపు కొట్లాడతారు? ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్యశాల వాళ్లను చూడండి, మన బంజారాహిల్స్‌లోదే. యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటరు, అందులో డాక్టరు ఉండడు, శిక్షణ పొందిన స్థానిక అమ్మాయో అబ్బాయో ఉంటారు. కంటి ఫొటో పెద్దాసుపత్రికి వెళుతుంది, అవసరమైనవాళ్లనే పైకి పంపుతారు. అక్కడ నడిచింది మా ఊళ్లో ఎందుకు నడవదు?

నా ప్రతిపాదన వివరంగా చెబుతాను. కిట్టుతో పాటు చిన్న యాప్ ఒకటి నేనే రాసి ఇస్తాను, పైసా తీసుకోను. ఊళ్లో పెద్దవాళ్ల బీపీ, సుగరు చూసిన వెంటనే ఆ సంఖ్య హైదరాబాద్‌లో ఉన్న పిల్లల ఫోనుకు వచ్చేస్తుంది. హద్దు దాటితే ఎర్రగా మోగుతుంది. అలాంటి మోత ఒక్కటి ఆ రాత్రి నాకు వినపడి ఉంటే మా నాన్న ఉండేవాడు.

ఏఎన్ఎం కూతురు
ఆ విజన్ సెంటరులో కూర్చునే మనిషికి అదే పని, జీతం దానికే. మీరు చెప్పే ఏఎన్ఎంకు ఇది ఇరవై ఒకటో పని. ఆ తేడా మీకు కనపడటం లేదు.

ఇక యాప్ గురించి. మీ ప్రతిపాదన మొత్తంలో ఊరివాళ్లు ఏరి? సంఖ్య చూసేది మీరు, మోత వినేది మీరు, ఊరట మీకు. మీరు కొంటున్న కిట్టు ఊరికి కాదు, ఊరు విడిచి వచ్చినందుకు మీ గుండెల్లో ఉన్న బరువుకు.

మాదాపూర్ మనిషి
అవును, నా బరువుకే. కాదని ఎప్పుడన్నాను? తండ్రిని పోగొట్టుకున్నవాడి బాధను తీసి ఎదురు కొడతారా? మీ అమ్మగారు మీ కళ్ల ముందు ఉంది కాబట్టి మీకు బీపీ పట్టీల లెక్క కనపడుతోంది. మా అమ్మ అక్కడ ఒంటరిగా ఉంది. రోజూ ఫోనులో "బాగున్నా నాయనా" అంటుంది. అది నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకోవాలనుకోవడం తప్పా?

బోరబండ బాబాయి
ఇద్దరూ కాస్త నీళ్లు తాగి రండి.

తెల్లకోటు
ఆ మార్గదర్శకాల్లోనే దీనికి సంబంధించిన మాట ఒకటి ఉంది. రోగి తనంతట తాను డాక్టరును సంప్రదిస్తే ఒప్పుకున్నట్టే లెక్క. ఆరోగ్య కార్యకర్తో, ఇంటివాళ్లో మొదలుపెడితే మాత్రం రోగి స్పష్టంగా ఒప్పుకోవాలి. రోగి లేకుండా కొడుకో కూతురో మాట్లాడాలంటే అనుమతి పత్రం లాంటి ఆధారం ఉండాలి, రోగి మైనరో స్పృహలేని స్థితిలోనో ఉంటే తప్ప. అంటే మీ అమ్మగారి బీపీ మీకు చెప్పాలా వద్దా అన్నది ఆమె చెప్పాల్సిన మాట.

మాదాపూర్ మనిషి
మా అమ్మ నాకెందుకు వద్దంటుంది?

ఉప్పల్ వాసి
దీనికి నేను జవాబు చెప్పగలను. నిన్న రాత్రి నుంచి దీని మీదే నలిగిపోతున్నాను.

పోయిన నెల ఊళ్లో అందరికీ ఆభా నంబర్లు ఇచ్చారు, ఆరోగ్య రికార్డులకు ఇచ్చే గుర్తింపు నంబరు, పద్నాలుగు అంకెలది. అమ్మ ఆధార్‌కు నా ఫోను నంబరే ఇచ్చి ఉంది. అమ్మ ఉపకేంద్రంలో నిలబడి ఉంటే ఓటీపీ హైదరాబాద్‌లో నాకు వచ్చింది. నేను ఆఫీసు సమావేశంలో ఉన్నాను, చూసుకోలేదు. మూడుసార్లు వచ్చింది. ఆమె ఎండలో గంటసేపు నిలబడి ఇంటికి వెళ్లిపోయింది. ఈ చర్చ చదివాక ఆ సంగతి గుర్తొచ్చి ఫోను చేశాను. మాటల్లో అడిగాను, అమ్మా, నీ సుగరు ఎంత ఉందో నాకు నేరుగా తెలిసేట్టు చేస్తే సరేనా అని.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అంది: "నీకు చెబితే నన్ను తీసుకుపోతావు. మీ ఇంట్లో నాలుగో అంతస్తులో నేనెట్లా ఉండేది? గేదెను ఎవరు చూస్తారు?" ఇన్నాళ్లూ ఆమె నాకు చెప్పిన సుగరు లెక్కలు నిజం కావు. నూట నలభై అన్న రోజున మూడు వందలకు దగ్గరగా ఉందట. ఏఎన్ఎంకు మాత్రం అన్నీ సరిగ్గానే చెప్పింది. నాకు చెప్పవద్దని ఒట్టు కూడా వేయించుకుంది.

తంగేడుపువ్వు
మా అత్తగారు కూడా ఇంతే. మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ములో దాస్తుంది.

ఏఎన్ఎం కూతురు
మాదాపూర్ మనిషి గారూ, మీ నాన్నగారి ప్రస్తావన అలా తెచ్చి ఉండకూడదు. క్షమించండి.

మా అమ్మ దగ్గర కూడా అలాంటి ఒట్లు ఎన్నో ఉండేవి. ఎవరి గర్భం సంగతి ఎవరికి తెలియకూడదో, ఎవరి టీబీ మందులు ఏ ఇంటి వెనక తలుపు దగ్గర ఇవ్వాలో ఆమెకు తెలుసు. అవి రిజిస్టరులో లేవు, టాబ్‌లోనూ లేవు. ఊరు ఆమెను నమ్మింది అందుకే. ఆమె చూసిన సంఖ్య ఆ క్షణాన ఎక్కడో మోగితే మరుసటి రోజు ఉపకేంద్రం గడప ఎవరూ తొక్కరు. కిట్టు వద్దని కాదు నేను అనేది. ఇంతసేపూ నాకే స్పష్టంగా తెలియలేదు.

మాదాపూర్ మనిషి
నేను పూర్తిగా ఒప్పుకోలేదు. ఈసీజీ యంత్రం ఉండాల్సిందే, దాన్ని తీయడం ఊళ్లో కనీసం ఇద్దరికి నేర్పించాల్సిందే, వాళ్లకు నెలకు కొంత ఇవ్వాల్సిందే. రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుందో కాగితం మీద రాయించండి. పిల్లల ఫోనుకు పంపే భాగం తీసేస్తున్నాను. వాళ్లంతట వాళ్లు పంపితే తప్ప రాదు.

ఇవాళ అమ్మకు ఫోను చేశాను. బాగున్నా నాయనా అంది. మళ్లీ అడగలేదు.

పాత సైకిల్
అంతా బాగుంది. ఆ ఆర్‌ఎంపీ అన్న పేరు సంగతి తేల్చలేదు.

ఉప్పల్ వాసి
ఆదివారం పదింటికి కలుస్తున్నాం. బీపీ పట్టీలు ఆరు, సుగరు చూసే యంత్రాలు మూడు, ఈసీజీ యంత్రం ఒకటి. బండి సంగతి మిగిలిన డబ్బు చూసుకుని మాట్లాడదాం. ఏఎన్ఎం గారిని కూడా సమావేశానికి పిలిచాను. ఆదివారం సెలవు కదా అమ్మా అంటే, ఎంట్రీలు ఉన్నాయి, ఫోనులో కలుస్తానంది. పెద్దాయనా, ఉపకేంద్రం గోడ మీద "ఎంబీబీఎస్ డాక్టరు వీడియోలో చూస్తారు" అని తెలుగులో రాయిస్తాం.

అమ్మ పేరు మీద సిమ్ తీసుకోవడానికి శనివారమే ఊరికి వెళుతున్నాను. అక్కడే ఆధార్ కేంద్రంలో నా నంబరు తీసి ఆమె నంబరు పెట్టించాలి.