పబ్లిక్ రేడియో చర్చకు ఫోన్ చేయాలని ఉంది: ఎలా మాట్లాడాలి?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీకి వచ్చి ఐదు నెలలైంది. మావారు హెచ్-1బీ వీసా మీద, నేను హెచ్-4 మీద ఉన్నాము. ఉదయం పని చేసుకుంటూ పబ్లిక్ రేడియో, అంటే లాభం కోసం కాక ఎక్కువగా శ్రోతల చందాలతో నడిచే రేడియో, వినడం నాకు అలవాటైంది. ఇళ్ల అద్దెలు, బడులు, వలస విధానం, ఎన్నికలు, ఇలా రోజుకొక విషయం తీసుకుని అతిథితో మాట్లాడుతూ మధ్యమధ్యలో శ్రోతల ఫోన్లు తీసుకుంటారు. మొన్న అద్దెల మీద చర్చ జరుగుతున్నప్పుడు మాకు ఎదురైన సంగతి చెప్పాలనిపించి నంబరు నొక్కాను. అవతల ఎవరో ఎత్తి "హలో" అనగానే గుండె దడదడలాడి పెట్టేశాను. నా యాస వారికి అర్థమవుతుందా? వీసా మీద ఉన్నవారు ఈ దేశపు రాజకీయాల గురించి మాట్లాడవచ్చునా? ఇంతకీ అవతల ఎత్తినది ఎవరు? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

చెల్లెమ్మా, ముందు మీ మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను, అది తెలిస్తే సగం భయం తీరుతుంది. మీ ఫోన్ ఎత్తినది కార్యక్రమం నడిపే వ్యాఖ్యాత కాదు, స్క్రీనర్. చాలా చోట్ల ఆ పని చేసేది ఒక ప్రొడ్యూసరో, ఇంటర్న్‌గా చేరిన కాలేజీ పిల్లవాడో అయి ఉంటారు. అప్పటికి మీ గొంతు ప్రసారం కావడం లేదు. మీ పేరు, ఊరు, చెప్పదలచుకున్న మాట అడిగి, దానిని ఒకటి రెండు వాక్యాలలో కంప్యూటరులో టైపు చేస్తారు. వ్యాఖ్యాత ముందున్న తెర మీద ఎదురుచూస్తున్న వారి పేర్లు వరుసగా ఉంటాయి, ఒక్కొక్క పేరు పక్కన ఆ వాక్యం ఉంటుంది. దానిని చూసే ఎవరిని తీసుకోవాలో నిర్ణయించుకుంటారు కనుక, ముందు ఫోన్ చేసినవారికే ముందు అవకాశం వస్తుందనుకోవద్దు.

అందుచేత మీ శ్రమంతా ఆ ఒక్క వాక్యం మీద పెట్టండి. "అద్దెలు భరించలేకుండా ఉన్నాయి" అని చెప్పడానికి మరో పదిమంది లైనులో ఉంటారు. అదే "మేము కొత్తగా వచ్చాము, క్రెడిట్ హిస్టరీ లేదని ఇంటి యజమాని నాలుగు నెలల అద్దె ముందే కట్టించుకున్నారు, న్యూజెర్సీ చట్టం డిపాజిట్‌ను నెలన్నర అద్దెకు మించనివ్వదు కదా, ముందస్తు అద్దె అని పేరు మారిస్తే అది చెల్లుతుందా" అని అడిగారనుకోండి, లైనులో ఉండమని చెప్పే అవకాశం చాలా ఎక్కువ. అందులో జరిగిన సంగతి ఉంది, దానిలోంచి పుట్టిన ప్రశ్న ఉంది, అతిథిగా వచ్చిన న్యాయవాది పట్టుకోవడానికి ఒక కొస ఉంది. మనవాళ్లు ఫోన్ చేసినప్పుడు తరచుగా దేశం మొత్తం మీద తీర్పు చెప్పబోయి, తమ ఇంట్లో జరిగినది మింగేస్తారు. వినేవారికి కావలసినది ఆ రెండోదే.

స్క్రీనర్ "రేడియో ఆపండి" అంటే నిజంగానే ఆపండి, సౌండు తగ్గిస్తే చాలదు. ఎవరైనా బూతు మాట అంటే కత్తిరించడానికి వీలుగా చాలా స్టేషన్లు ప్రసారాన్ని కొన్ని సెకన్లు ఆలస్యం చేస్తాయి. ఈ సంగతి తెలియక, నేను మొదటిసారి ఒక స్టేషనుకు ఫోన్ చేసినప్పుడు వంటింట్లో రేడియో మోగుతూనే ఉంది. నేను అన్న మాటే వెనక నుంచి నాకు వినబడుతుంటే, నాలుక మడతపడి, చెప్పిన వాక్యమే మళ్లీ మొదలుపెట్టాను. వ్యాఖ్యాత మర్యాదగా "ధన్యవాదాలు" చెప్పి ఇంకొకరి దగ్గరికి వెళ్లిపోయారు. మొత్తం మీద పదిహేను సెకన్లు కూడా మాట్లాడి ఉండను. ఆ సాయంత్రం మా అబ్బాయి నన్ను అనుకరించి చూపించాడు, ఆ వివరాలు ఇక్కడ అనవసరం.

యాస గురించి దిగులు పడకండి. ఈ చుట్టుపక్కల స్టేషన్లకు వచ్చే ఫోన్లలో ప్రపంచంలోని యాసలన్నీ వినబడతాయి. ఇబ్బంది పెట్టేది మన వేగం. మొదటి వాక్యం కంఠతా పట్టి నెమ్మదిగా చెప్పండి, తక్కినది కాగితం చూసి చదవకండి, చదువుతున్న గొంతు వెంటనే తెలిసిపోతుంది. కాగితం మీద రెండు మూడు ముక్కలు రాసుకుంటే చాలును. చాలాకాలంగా వింటున్నాననీ, ఫోన్ చేయడం ఇదే మొదటిసారనీ చెప్పడం ఇక్కడ ఒక ఆనవాయితీ, కానీ మీకు దొరికే అర నిమిషంలో దానికి ఐదు సెకన్లు ఎందుకు ఖర్చు చేయడం?

రెండో జవాబు

పై సోదరి చెప్పినదానికి ఒకటి చేరుస్తాను. రేడియో తిప్పుతూ పోతే ఫోన్లు తీసుకునే కార్యక్రమాలు చాలా తగులుతాయి, అన్నీ ఒక జాతివి కావు. ఎఫ్ఎంలో 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్ని వాణిజ్యేతర స్టేషన్లకు కేటాయించారు, పబ్లిక్ రేడియోలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. వాషింగ్టన్‌లో డబ్ల్యూఏఎంయూ, శాన్ ఫ్రాన్సిస్కోలో కేక్యూఈడీ రెండూ 88.5 మీదనే వస్తాయి. న్యూయార్క్ డబ్ల్యూఎన్‌వైసీ మాత్రం ఆ భాగం దాటి 93.9 మీద ఉంటుంది. అందులో బ్రయన్ లేరర్ 1989 నుంచి శ్రోతలతో మాట్లాడుతున్నారు. మేయరుగా ఉన్న కాలంలో బిల్ డి బ్లాజియో శుక్రవారాలలో ఆ కార్యక్రమానికి వచ్చి నగరవాసుల ఫోన్లకు స్వయంగా జవాబు చెప్పేవారు. వీధి దీపం వెలగడం లేదని మేయరునే నిలదీయగలిగే చోటు అంటే దాని విలువ మీకు అర్థమై ఉంటుంది.

వాణిజ్య టాక్ రేడియో దారి వేరు. వివాదాస్పద విషయాలలో భిన్నాభిప్రాయాలకు చోటివ్వాలని స్టేషన్లను నిర్బంధించిన ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను రేడియో, టీవీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1987లో ఎత్తివేసింది. ఆ మరుసటి ఏడాదే టాక్ రేడియో వ్యాఖ్యాత రష్ లింబా కార్యక్రమం దేశమంతటా మొదలైంది. అక్కడ ఎక్కువగా నడిపేవారి అభిప్రాయమే కార్యక్రమం, ఫోన్ చేసేవారు దానికి తాళం వేయాలి, లేదా తిట్లు తినాలి. కొత్తగా వచ్చినవారు ఆ రెంటినీ కలగలిపి, అమెరికా రేడియో అంతా అరుపులేనని అనుకుంటారు. చట్టసభల సమావేశాలను ప్రసారం చేసే సీ-స్పాన్ చానల్ ఉదయపు కార్యక్రమం వాషింగ్టన్ జర్నల్ వింటే మరో పద్ధతి కనబడుతుంది. అందులో రిపబ్లికన్లకు, డెమొక్రాట్లకు, ఏ పార్టీకీ చెందనివారికి వేర్వేరు ఫోన్ నంబర్లు ఇస్తారు, ఒకసారి మాట్లాడినవారు మళ్లీ ముప్పై రోజుల వరకు చేయకూడదని అడుగుతారు. ఓటు లేని మనం ఆ మూడింటిలో ఎందులోకి వస్తామో ఆలోచిస్తే కొంచెం నవ్వు వస్తుంది.

పబ్లిక్ రేడియో వ్యాఖ్యాత మీ మాట కొట్టివేయరు, కానీ "అలా అని మీకు ఎలా తెలుసు?" అని మెత్తగా ఎదురు ప్రశ్న వేస్తారు. టీవీ చర్చలకు అలవాటుపడిన మనకు అది దాడిలాగ అనిపించి గొంతు పెంచుతాము. పెంచవద్దు. విన్నమాట అయితే విన్నమాట అని, చూసినది అయితే చూశానని చెప్పండి.

స్టేషను వారు శ్రోతలను చందాలు అడిగే వారాలు వచ్చినప్పుడు విసుక్కుని రేడియో మార్చకండి. పబ్లిక్ ప్రసారాలకు ఇదివరకే కేటాయించిన సుమారు 1.1 బిలియన్ డాలర్లను అమెరికా చట్టసభ కాంగ్రెస్ 2025 జూలైలో రద్దు చేసింది. పెద్ద నగరాల స్టేషన్లు శ్రోతల చందాలతో ఎలాగో నెట్టుకొస్తాయి, ఆ సొమ్ము మీదే బతికే పల్లె స్టేషన్లకు ఆ దారి లేదు.

మూడో జవాబు

వీసా సంగతి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. నేను న్యాయవాదిని కాను, ఇక్కడ పాతికేళ్లుగా ఉన్నవాడిని. రాజ్యాంగపు మొదటి సవరణ ఇచ్చే వాక్ స్వాతంత్ర్యం ఈ దేశంలో నివసించే విదేశీయులకు కూడా ఉందని సుప్రీంకోర్టు 1945లో బ్రిడ్జెస్ కేసులో చెప్పింది. అయితే 2025లో రాజకీయ అభిప్రాయాల వల్ల కొందరు విద్యార్థుల వీసాలు రద్దయిన సంగతి కూడా మనం చూశాము. కాబట్టి అద్దె, బడి, బస్సు, ఆసుపత్రి బిల్లు వంటి విషయాల మీద నిశ్చింతగా మాట్లాడండి. విదేశాంగ విధానం, నిరసన ప్రదర్శనల వంటివాటి మీద మాట్లాడాలనుకుంటే, ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని ఒక మాట అడగండి. ఇది పిరికితనం కాదు, దస్తావేజులు ఇంకా చేతికి రానివారి లెక్క.

పేరులో మొదటి భాగం, ఊరు చెబితే సరిపోతుంది. మీవారి కంపెనీ పేరు ఎత్తవద్దు. ఇంటి యజమాని పేరు కూడా చెప్పవద్దు, మీరు చెప్పబోయినా వ్యాఖ్యాత ఆపేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, మాటవరసకైనా "మేము ఓటు వేశాము", "మేము ఇక్కడి పౌరులము" అనవద్దు. పౌరసత్వం గురించి అబద్ధమాడడం ఇక్కడ ఎంత దూరమైనా పోగల వ్యవహారం. స్క్రీనర్ మీరు ఓటరా అని అడిగితే కాదని సూటిగా చెప్పండి, దానివల్ల మీ అవకాశం పోదు. మరొకటి, టెలిఫోను సంభాషణను ప్రసారం చేసేముందు అవతలివారికి చెప్పాలని ఎఫ్‌సీసీ నిబంధన ఉంది, కానీ ఇటువంటి కార్యక్రమానికి మీ అంతట మీరే ఫోన్ చేస్తే ప్రసారమవుతుందని మీకు తెలిసినట్టే లెక్క. చాలా కార్యక్రమాలు ఆ తరువాత ఇంటర్నెట్‌లో నిలిచి ఉంటాయి, పదేళ్ల తరువాత వినబడినా ఫరవాలేదనుకున్న మాటే అనండి.

ప్రశ్న అడిగినవారు, పన్నెండు రోజుల తరువాత

అక్కగారికి, అన్నయ్యగార్లకు నమస్కారాలు. నిన్న అద్దెల మీద మళ్లీ చర్చ వచ్చింది. నేను ఫోన్‌లోని యాప్ ద్వారా వింటాను కనుక, దానిని ఆపి మావారి పాత ఫోన్ నుంచి చేశాను. ఎత్తిన అమ్మాయి నా వాక్యం విని, మరోసారి చెప్పించుకుని, టైపు చేస్తున్న చప్పుడు ఆగాక, లైనులో ఉండమంది. ఇరవై రెండు నిమిషాలు కార్యక్రమాన్ని ఆ లైనులోనే వింటూ కూర్చున్నాను. విద్యుత్ బిల్లు కవరు మీద "నెలన్నర", "నాలుగు నెలలు" అని రెండే ముక్కలు రాసుకున్నాను. చివరికి వ్యాఖ్యాత నా పేరు కొంచెం తడబడుతూ పలికారు. మొదటి వాక్యం సాఫీగా వచ్చింది, రెండోదానిలో "ముందస్తు అద్దె" అన్న మాట ఇంగ్లిషులో తోచక ఒక క్షణం ఆగాను, ఆయన అందించారు. రసీదు ఉందా అని ఎదురు ప్రశ్న వేశారు. ఉందన్నాను. అంతలో లైను కట్టయింది.

అతిథి ఏమంటున్నారో వినాలని గబగబా యాప్ తెరిచాను. యాప్ రేడియో కన్నా ఇంకా వెనకబడి వస్తుందని నాకు తెలియదు. జవాబు కోసం చెవి ఒగ్గి కూర్చుంటే, వ్యాఖ్యాత అప్పుడే నా పేరు తడబడుతూ పలుకుతున్నారు.