సాయంత్రమైతే పైన రేకులు టప్ టప్ మంటున్నాయి, ఇల్లు ఖాళీ చేయాలా?

రేకులకింద_అద్దెజీవి:
ఫిబ్రవరిలో బెంగళూరు మారతహళ్ళిలో ఒక పెంట్‌హౌస్‌లో దిగాం, పెంట్‌హౌస్ అని ఓనర్ అంటాడు గానీ టెర్రస్ మీద గోడలు లేపి రేకులేసి లోపల ఫాల్స్ సీలింగ్ కొట్టిన రెండు గదులు, అంతే. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా పైన టప్... టక్ టక్... మళ్ళీ టప్, ఎవరో గోళీలు విసురుతున్నట్టు. పొద్దున ఎండెక్కాక ఇంకోసారి. అర్ధరాత్రి మాత్రం సైలెంట్. పిల్లేమో అని టార్చ్ వేసుకుని నిచ్చెనెక్కి చూశా, ఏం లేదు. మా అమ్మ కర్నూలు నుంచి వచ్చి రెండు రాత్రులు విని గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టించింది, అయినా చప్పుడు అలాగే ఉంది. ఓనర్‌నడిగితే కన్నడంలో "అడ్జస్ట్ మాడి", అంటే సర్దుకోండి అని. ఊడి మీద పడదు కదా?

వెల్డింగ్‌మాస్టర్:
పడదు తమ్ముడూ, మాది ఇదే పని. నువ్వు చెప్పిన టైమింగ్సే ఆన్సర్. ఉక్కు మీటరు పొడవుకి ఒక డిగ్రీకి దాదాపు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 20 అడుగుల రేకు అంటే ఆరు మీటర్లు, మధ్యాహ్నం 60 డిగ్రీలు కాలి రాత్రికి 25కి దిగిందనుకో, రెండున్నర మిల్లీమీటర్లు ముడుచుకోవాలి. కానీ స్క్రూలు పట్టుకుని ఉంటాయి, కింద రేకుని మోసే పైపుతో రాపిడి, ఆగి ఆగి బిగుసుకుని ఒక్కసారి జారుతుంది చూడు, అదే టప్. రేక్కీ సీలింగ్‌కీ మధ్య ఖాళీ కదా, మద్దెలలాగా మోగిస్తుంది. డౌటుంటే సాయంత్రం నాలుగింటికి పిట్టగోడ దగ్గర నిలబడి రేకు మీద బకెట్ నీళ్ళు పొయ్యి, రేకు ఎక్కొద్దు. చప్పుడని స్క్రూలు మాత్రం లూజ్ చేయకు, వానకి కారుతుంది.

మైలాపూర్_మనవరాలు:
చెన్నైలో మా తాతగారిది మద్రాస్ టెర్రస్ ఇల్లండి, టేకు దూలాలు, పైన నిలువుగా పేర్చిన ఇటుకలు, సున్నం. అది టప్ అనదు, కిర్రుమంటుంది, అదీ అక్టోబర్ వానలప్పుడు ఎక్కువ. చెక్క ఎండకి పెద్దగా సాగదు, తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. చప్పుడు కన్నా మేం చూసేది దూలం గోడలోకి దూరే చోటు. అక్కడ పొడి రాలినా, చెక్క మెత్తబడినా, తలుపు కొత్తగా పట్టేస్తున్నా వెంటనే మేస్త్రీని పిలుస్తాం.

రేకులకింద_అద్దెజీవి:
అన్నా బకెట్ పోశా!! నీళ్ళు పడ్డ రెండు మూడు సెకన్లకే టపటపటప మని దీపావళి, అమ్మ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది. ఇంకోటి, అంచున నాలుగు స్క్రూల దగ్గర రంధ్రం కోడిగుడ్డులాగా సాగింది, రబ్బరు వాషర్ పగిలి ఉంది.

వెల్డింగ్‌మాస్టర్:
అదే అసలు పని. రోజూ అటూ ఇటూ లాగి లాగి అలా అయింది. జూన్ వానల్లోపు ఆ నాలుగింటికీ పెద్ద వాషర్‌తో లావు స్క్రూలు వేయించు, రేక్కీ పైపుకీ మధ్య రబ్బరు టేపు పెట్టమను, పైన తెల్ల కూల్ రూఫ్ పెయింట్ కొట్టిస్తే రేకు అంత కాలదు, చప్పుడూ తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పను.

రేకులకింద_అద్దెజీవి:
బిల్లు నేను కట్టాలా ఓనరా?

మైలాపూర్_మనవరాలు:
ఓనరే. ఆ రంధ్రాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, మాటల్లో చెప్తే మళ్ళీ అడ్జస్ట్ మాడి అంటాడు.

రేకులకింద_అద్దెజీవి:
పెట్టా, బ్లూ టిక్ పడింది. గుమ్మడికాయ మాత్రం తీయనివ్వట్లేదు అమ్మ.