డీవీఆర్‌లో వాడిన కంప్యూటర్ హార్డ్ డిస్క్‌కి వారంటీ అడగొచ్చా?

నెల్లూరమ్మాయి, బీటీఎం లేఅవుట్

నమస్తే అండీ. బెంగళూరు బీటీఎంలో మాది చిన్న లేడీస్ పీజీ. నేనూ మా అమ్మా నడుపుతాం, వంట కూడా మేమే. గేటు, మెట్లు, రెండు వరండాలు కలిపి నాలుగు కెమెరాలు ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్‌కని కొన్న 2 టీబీ డిస్క్‌ని తర్వాత డీవీఆర్‌లో, అంటే ఆ కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టెలో పెట్టించాం. ఇప్పుడది టక్ టక్‌మంటోంది, రికార్డింగ్ మధ్యమధ్యలో ఆగిపోతోంది. బిల్లు ఉంది. సీరియల్ నంబర్ కొడితే వారంటీ ఇంకా ఉన్నట్టే చూపిస్తోంది.

ఎస్.పి. రోడ్డులో డిస్క్ అమ్మిన షాపతను "డీవీఆర్ మాట ఎత్తకండి మేడం, ఫొటోలు దాచుకునే డిస్క్ అనండి" అన్నాడు. నాకు ఆ మాట నోటికి రాదు. పీజీలో చేరే ప్రతి అమ్మాయికీ ఉన్నదున్నట్టు చెప్పమని రూల్ పెట్టి, నేను పోయి కౌంటర్లో అబద్ధం ఎలా చెప్పను? నిజం చెప్తే క్లెయిమ్ పోయినట్టేనా?

మారతహళ్లి తమ్ముడు

అక్కా, అంత టెన్షన్ ఎందుకు? సీరియల్ నంబర్ చూసుకుని డిస్క్ తీసుకుంటారు, అంతే. అడిగితే ఇంటి వాడకమే అనండి. అంత పెద్ద కంపెనీకి ఒక డిస్క్ లెక్కేమిటి?

ఎస్.పి. రోడ్ సర్వీస్

చాలా ఏళ్లు డిస్కులు తీసుకునే కౌంటర్లో కూర్చున్నాను కాబట్టి చెప్తున్నా. తమ్ముడు అన్నదాంట్లో సగం నిజం, చాలాసార్లు అసలు అడగరు. అడగనిదానికి మీరు కథంతా చెప్పక్కర్లేదు. కానీ ఫారంలో వాడకం అనే గడి ఉన్నా, నోటితో అడిగినా "డీవీఆర్‌లో వాడాను" అనే రాయండి. డిస్క్ ఎన్ని గంటలు కరెంటు మీద ఉందో స్మార్ట్ రికార్డులో, అంటే తన ఆరోగ్యం గురించి తను దాచుకునే చిట్టాలో అదే రాసుకుంటుంది. ఏడాదంతా ఆపకపోతే 8,760 గంటలు. ఫొటోల డిస్క్ అన్ని గంటలు తిరిగిందంటే ఎవరు నమ్ముతారు? ఒక్కసారి అనుమానం వస్తే నిజంగా తయారీ లోపం ఉన్నా మీ మాట చెల్లదు.

వెళ్లేముందు రెండు పనులు చేయండి. మొదటిది, ఆ కంపెనీ వారంటీ షరతులు పూర్తిగా చదవండి. నిఘా కెమెరాల వాడకం చెల్లదని పేరు పెట్టి రాశారా, లేక 'దుర్వినియోగం' అని పైపైన అన్నారా? పేరు పెట్టి రాస్తే ఆశ తక్కువే, అది ముందే తెలుసుకోవడం మంచిది. రెండోది, డీవీఆర్ మెనూలో బిట్ రేట్ చూడండి, అంటే ఒక్కో కెమెరా సెకనుకు ఎన్ని మెగాబిట్లు (ఎంబీపీఎస్) పంపుతోందో; 8 బిట్లు ఒక బైటు. మామూలు కంప్యూటర్ డిస్కులకు ఏడాదికి 55 టీబీ, సీసీటీవీ డిస్కులకు 180 టీబీ పని భారం అని చాలా డేటా షీట్లలో ఉంటుంది. ఒక్కో కెమెరా 4 ఎంబీపీఎస్ అయితే నాలుగింటికి సెకనుకు 2 మెగాబైట్లు, రోజుకు దాదాపు 173 జీబీ, ఏడాదికి 63 టీబీ. అంటే పరిమితి దాటింది. అదే 2 ఎంబీపీఎస్ అయితే 32 టీబీ లోపే. ఆ లెక్క కాగితం మీద ఉంటే మీరు గట్టిగా మాట్లాడొచ్చు.

కాదంటే కారణం రాసివ్వమని అడగండి, ఈమెయిల్ అయినా సరే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారని వాళ్లు అంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(7) వివరణ చూపించండి. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని, తానే వాడుకునే వస్తువును వ్యాపార ప్రయోజనంగా లెక్కించరు. మీరేమో ఇంటికే కొన్నారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

చిత్తూరు క్యాబ్

నాది డాష్‌క్యామ్ మెమరీ కార్డ్. ఉన్నది చెప్పాను, షరతుల్లో డాష్‌క్యామ్ చెల్లదని ఉందని చూపించి తిప్పి పంపారు. బాధేసింది కానీ వాళ్లది తప్పనలేను, కార్డు కవరు మీద సన్నక్షరాల్లో ఉంది. ఇప్పుడు నిరంతర రికార్డింగ్‌కి తయారుచేసిన కార్డే వాడుతున్నా.

నెల్లూరమ్మాయి, బీటీఎం లేఅవుట్

షరతులు చదివాను అన్నా, కెమెరాల మాట ఎక్కడా లేదు. బిట్ రేట్ 2 అని ఉంది. ధైర్యం వచ్చింది. కానీ ఇంకో సంగతి. ఆ డిస్క్‌లో మా అమ్మాయిలు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో అంతా ఉంది. రీప్లేస్‌మెంట్ ఇస్తే పాతది తిరిగి రాదట కదా? క్లెయిమ్ కన్నా నాకు ఇదే ఎక్కువ బెంగ.

ఎస్.పి. రోడ్ సర్వీస్

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. అవునమ్మా, పాతది మీకు రాదు. డీవీఆర్‌లో ఫార్మాట్ నొక్కితే చాలదు, చాలావాటిలో అది ఫైళ్ల జాబితాను మాత్రమే చెరిపేస్తుంది, ఫుటేజ్ అలాగే ఉంటుంది. డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలించి మొదటి నుంచి చివరిదాకా సున్నాలు రాయించండి. 2 టీబీకి కొన్ని గంటలు పడుతుంది, పాడైన డిస్క్ కాబట్టి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. చెరిపేముందు స్మార్ట్ రిపోర్టు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, లోపానికి అదే సాక్ష్యం. కంప్యూటర్ అసలు గుర్తించకపోతే మాత్రం విప్పకండి, సుత్తి తీయకండి, వారంటీ పోతుంది. అప్పుడు డబ్బు ముఖ్యమా, ఫుటేజ్ బయటికి పోకుండా ఉండడం ముఖ్యమా అని మీరే తేల్చుకోవాలి. నేనైతే లేడీస్ పీజీ డిస్క్‌ని చెరపకుండా ఇవ్వను, కొత్తది కొనుక్కుంటాను.