తిప్పతీగ గుళికల సీసాపై ‘పాలీశాకరైడ్లు 40 శాతం’ అని ఉంటే దాని అర్థం ఏమిటి?

ప్రశ్న – మద్దిలపాలెం వాసి

అందరికీ నమస్కారం. మా అమ్మగారి వయసు 68 ఏళ్లు. చాలాకాలంగా షుగరుకు మెట్‌ఫార్మిన్, థైరాయిడ్‌కు ఒక మాత్ర వాడుతున్నారు. ఆర్కే బీచ్‌లో ఉదయపు నడకకు వచ్చే స్నేహితురాళ్ల మాట విని, రెండు నెలలుగా తిప్పతీగ గుళికలు వేసుకుంటున్నారు. వాటితోపాటు అక్కడే బండి మీద అమ్మే కలబంద రసం తాగుతున్నారు, పరగడుపున మెంతులు నానబెట్టిన నీళ్లు కూడా పుచ్చుకుంటున్నారు. గుళికల సీసా మీద ‘పాలీశాకరైడ్లు 40 శాతం, రోగనిరోధక శక్తికి’ అని పెద్ద అక్షరాలతో ముద్రించారు.

నా రసాయనశాస్త్రం ఇంటర్మీడియట్‌తోనే ఆగిపోయింది. పాలీశాకరైడ్ అంటే చక్కెర అణువులు గొలుసుగా కూడిన పదార్థమని, బియ్యంలోని పిండి కూడా అదేనని గుర్తు. అలాంటప్పుడు షుగరు ఉన్నవారిని అన్నం తగ్గించమంటూనే అదే జాతి పదార్థాన్ని మందుగా అమ్మడంలో అర్థమేమిటి? ఇంట్లో కాచే కషాయానికీ ఈ గుళికకూ తేడా ఉంటుందా? తెలిసినవారు ఓపికగా వివరించగలరు.

జవాబు – విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు

మీకు వచ్చిన సందేహం సరైనదే, దానికి జవాబు గొలుసులోని కొక్కెంలో ఉంది. బియ్యపు పిండిలో గ్లూకోజు అణువులు ‘ఆల్ఫా’ అనే పద్ధతిలో ముడిపడి ఉంటాయి. ఆ ముడిని విప్పే ఎంజైము మన లాలాజలంలోనూ క్లోమరసంలోనూ ఉంది కనుక, అన్నం తిన్న కొద్దిసేపటికే గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది. మెంతిగింజలో ఉండే గెలాక్టోమన్నాన్‌లో మానోజు అనే మరో చక్కెర ‘బీటా’ పద్ధతిలో వెన్నెముకలా అమరి ఉంటుంది, దానికి గెలాక్టోజు అణువులు కొమ్మల్లా అతుక్కుని ఉంటాయి. దీనిని విప్పే సాధనం మన ఒంట్లో లేదు. అందువల్ల అది చిన్నప్రేగులో చిక్కని జిగురుగా ఉబ్బి, పక్కనే ఉన్న అన్నంలోని గ్లూకోజు ప్రేగు గోడను చేరడాన్ని నెమ్మదింపజేస్తుంది. పెద్దప్రేగుకు వెళ్లాక అక్కడి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి ఎసిటేటు, ప్రోపియోనేటు, బ్యుటిరేటు అనే చిన్న ఆమ్లాలుగా మారుస్తాయి. వీటిలో బ్యుటిరేటు పెద్దప్రేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఆహారం. అంటే రెండూ పాలీశాకరైడ్లే అయినా, ఒకటి రక్తంలో చక్కెరను పెంచితే మరొకటి ఆ పెరుగుదలకు అడ్డుపడుతుంది.

ఇక 40 శాతం సంగతి. మొత్తం చక్కెరలను కొలవడానికి ప్రయోగశాలల్లో ఇప్పటికీ ఎక్కువగా వాడేది 1956లో వెలువడిన ఫీనాల్–సల్ఫ్యూరిక్ ఆమ్లం పద్ధతి. ఆమ్లం గొలుసులన్నిటినీ తెంచేస్తుంది, ఫీనాల్‌తో నారింజ రంగు వస్తుంది, ఆ రంగు గాఢతను 490 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. తేలికైన, చవకైన పద్ధతి కనుక మా విద్యార్థులందరి చేతా ఇదే చేయించేవాళ్లం. అయితే ఆ రంగుకు తిప్పతీగ ఏదో మొక్కజొన్న పిండి ఏదో తెలియదు. గుళికలో, పిండి నుంచి తయారుచేసే పూరకపదార్థమైన మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపినా అదే రంగు, అదే శాతం వస్తాయి. ఏ చక్కెరలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో, గొలుసు ఎంత పొడవో చెప్పని శాతాన్ని నేను అంకెగానే చూస్తాను, మందు మోతాదుగా చూడను.

మన పల్లెల్లో తిప్పసత్తు తీసే విధానం చూసినవారికి ఇది తేలికగా బోధపడుతుంది. పచ్చి తీగను దంచి, రాత్రంతా నీళ్లలో నానవేసి, పిసికి వడకట్టి, అడుగున పేరుకున్న తెల్లని మడ్డిని ఎండబెడతారు. ఆ తెల్లదనంలో అధికభాగం తీగలోని పిండే. తీగను నీళ్లలో మరిగించే కషాయంలోకి నీటిలో కరిగే పాలీశాకరైడ్లు దిగుతాయి. పరిశోధకులు చేసేదీ దాదాపు ఇదే. వేడినీటి సారంలో మూడు నాలుగింతలు ఆల్కహాలు పోస్తే పాలీశాకరైడ్లు తెల్లని తుంపుల్లా విడిపోయి అడుగుకు చేరతాయి. దీనినిబట్టి, గాఢమైన ఆల్కహాలుతో తీసిన సారంలో ఇవి పెద్దగా ఉండవని కూడా గ్రహించవచ్చు. మీ సీసా మీద సారం దేనితో తీశారో రాసి ఉందేమో చూడండి.

రోగనిరోధక శక్తి విషయంలో కొంత కఠినంగానే చెబుతాను. తిప్పతీగ నుంచి భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు వేరుచేసిన జీ1-4ఏ అనే పాలీశాకరైడ్ (అరబినోగెలాక్టాన్ రకం) రోగనిరోధక కణాలను ప్రేరేపిస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలలో కనబడింది. అది మంచి పరిశోధనే. కానీ శుద్ధిచేసిన ఒక్క అణువును ఎలుకలలో పరీక్షించడం వేరు, నోటి ద్వారా మింగిన పొడి మనిషిలో ఏంచేస్తుందన్నది వేరు. జపాన్‌లో షిటాకే పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ను 1985లో జీర్ణాశయ క్యాన్సరు చికిత్సలో తోడుగా వాడేందుకు అనుమతించారు, అయితే దానిని ఇచ్చింది ఇంజెక్షన్‌గా. ఆ ఫలితాన్ని చూపించి గుళికలు అమ్మడం న్యాయం కాదు.

పాఠకులకు తెలియని చిక్కు మరొకటి ఉంది. కొన్ని బాక్టీరియాల పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం అత్యల్ప మోతాదులోనే రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. మొక్క సారంలో అది రవ్వంత కలిసినా, ‘ఈ మొక్క పాలీశాకరైడ్ కణాలను మేల్కొలిపింది’ అని పొరపాటున రాసేసే అవకాశం ఉంది. ఎండోటాక్సిన్ లేదని నిర్ధారించుకున్నట్టు చెప్పని పరిశోధన పత్రాన్ని నేను సగం నమ్మకంతోనే చదువుతాను.

జవాబు – పాడేరు ఘాట్

మాస్టారు చెప్పిన జిగురు మాటకు మా ప్రాంతపు ఉదాహరణ ఒకటి చేరుస్తాను. మా మన్యంలో తపసి చెట్టు నుంచి వచ్చే బంక కూడా పాలీశాకరైడే. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ దీనిని గిరిజనుల దగ్గర కొనుగోలు చేస్తుంది. చాలా ఏళ్లు ఈ బంక వ్యాపారంలో తిరిగినవాడిని కనుక దాని గుణం కొంత తెలుసు. ఎండాకాలంలో, తొలకరికి ముందు కారిన బంక తెల్లగా ఉండి మంచి ధర పలుకుతుంది. వాన తగిలినదీ, బెరడు ముక్కలు అంటినదీ రంగు మారి కింది తరగతిలో పడుతుంది. బస్తాల గదిలోకి అడుగుపెడితే పుల్లని వాసన వస్తుంది. ఆ అణువుకు అతుక్కుని ఉన్న ఎసిటైల్ భాగం నిల్వలో నెమ్మదిగా ఊడి, ఎసిటిక్ ఆమ్లంగా మారడమే దానికి కారణమని తర్వాత ఒక రసాయన నిపుణుడు చెప్పారు.

ఈ బంక నీటిలో పూర్తిగా కరగదు, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. మనకు జీర్ణం కాదు కనుక మలబద్ధకానికి వాడతారు, కట్టుడు పళ్లు చిగుళ్లకు పట్టి ఉండేందుకు వాడే పొడుల్లోనూ వేస్తారు. దీనికి రోగనిరోధక శక్తి అంటూ పేరు పెట్టినవారు మాత్రం నా ఎరుకలో లేరు. ఒకప్పుడు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టడంవల్ల చెట్లే చచ్చిపోయేవి, చిన్న గాటుతో తీసే పద్ధతి నేర్పించాక కొంత మేలు జరిగింది. ఇది ప్రశ్నకు సంబంధించినది కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

మద్దిలపాలెం వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెంతుల నీళ్లు, కలబంద రసం సంగతి కూడా చెప్పగలరా? తిప్పతీగ వల్ల హాని ఏమైనా ఉందా?

జవాబు – జనరల్ మెడిసిన్ వైద్యురాలు, మహారాణిపేట

తిప్పతీగతో మొదలుపెడతాను. ముంబై వైద్యులు 2021లో, తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న వైనాన్ని ప్రచురించారు. శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన కాలేయం మీదే దాడి చేసే జబ్బును పోలిన లక్షణాలు వారిలో కనిపించాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో ఏకీభవించలేదు. అసలు తిప్పతీగ సురక్షితమేనని, దానిని పోలిన మరో జాతి తీగతో పొరబడే ప్రమాదం ఉందని ప్రకటించింది. ఆ వివాదంలో తీర్పు చెప్పడం నా పని కాదు. పొడి రూపంలో వచ్చేదానిలో ఏ తీగ ఉందో కొన్నవారికి తెలియదు, కాబట్టి ప్రమాదం ఏ వైపు నుంచి వచ్చినా రోగికి ఒక్కటే. థైరాయిడ్ జబ్బుల్లో అనేకం రోగనిరోధక వ్యవస్థ పొరపాటు వల్లే వస్తాయి. మీ అమ్మగారిది ఆ రకమో కాదో తేలేవరకు గుళికలు ఆపి, కాలేయ పరీక్ష ఒకటి చేయించండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయవద్దు.

కలబంద గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటిలో ఎసిమన్నాన్ అనే పాలీశాకరైడ్ ఉంది. గుజ్జుకన్నా ఆకు తొక్కకు లోపలివైపు ఊరే పసుపురంగు పాల గురించి నాకు ఎక్కువ బెంగ. అందులోని అలోయిన్ విరేచనకారి. అది కలిసిన విరేచన మందులను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో దుకాణాల నుంచి తొలగించింది. మొత్తం ఆకు సారాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్న’ పదార్థాల జాబితాలో చేర్చింది. బండి దగ్గర ఆకును ఎంత శుభ్రంగా చెక్కుతున్నారో మీరే ఒకసారి నిలబడి చూడండి.

మనుషులలో ఋజువులు గట్టిగా ఉన్నవి ఇసబ్‌గోల్ పొట్టు, మెంతుల వంటి సాదా పదార్థాలకే. రోజుకు 7 గ్రాముల ఇసబ్‌గోల్ కరిగే పీచు కొలెస్టరాల్‌ను తగ్గించి గుండెకు మేలు చేయగలదన్న ప్రకటనకు అమెరికాలో 1998లోనే అనుమతి లభించింది. మెంతుల మీద హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనలు మనకు దగ్గరివి. ఈ జిగుర్లు మాత్రలను కూడా పట్టి ఉంచి రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేయగలవు. కనుక థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని, మెంతులను మూడు నాలుగు గంటల తర్వాతకు జరపండి. చక్కెర మరీ పడిపోకుండా ఇంట్లో పరీక్షించుకుంటూ ఉండాలి.

విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు

ఒక చిన్న సవరణ. మెంతులు నానబెట్టి నీళ్లు మాత్రమే తాగి గింజలు పారేస్తే, జిగురులో అధికభాగం గింజలోనే ఉండిపోయి చెత్తబుట్టకు వెళుతుంది. నానిన గింజలను నమిలి మింగాలి, లేదా పొడిచేసి మజ్జిగలో కలిపి భోజనంతో తీసుకోవాలి. మొదట అరచెంచాతో ప్రారంభించకపోతే కడుపుబ్బరం వస్తుంది. ఇసబ్‌గోల్ అయితే పెద్ద గ్లాసుడు నీళ్లు తప్పనిసరి, లేకుంటే గొంతులోనే ఉబ్బి అడ్డుపడవచ్చు.

మద్దిలపాలెం వాసి

సీసాను భూతద్దంతో చూశాను. వెనుకవైపు అతి చిన్న అక్షరాలలో ‘మాల్టోడెక్స్‌ట్రిన్, తగినంత’ అని ఉంది. సారం దేనితో తీశారన్నది ఎక్కడా లేదు. ఆ 40లో తీగ వాటా ఎంతో చెప్పమని తయారీదారుకు ఉత్తరం రాశాను, పది రోజులైనా సమాధానం లేదు. కాలేయ పరీక్షకు రేపు రక్తం ఇస్తున్నాం. అమ్మ గుళికలు, కలబంద రసం ఆపారు గానీ, మధ్యాహ్నం మజ్జిగలో మెంతిపిండి మరీ చేదుగా ఉందని నా మీద అలిగారు.